జబ్బులు రద్దయిన సంఘం

మా సంఘంలో జబ్బులు రద్దయి అప్పటికి ఏడాది దాటింది.

రద్దు చేసినవారు సాక్షాత్తూ మా సంఘ కాపరి, అపొస్తలుడు డాక్టర్ హనోకు జయశీల్ గారు. ఆయన ఓసారి బెంగుళూరులో ఏదో పెద్ద సదస్సుకు వెళ్ళి, కొత్త కోటుతోనూ కొత్త బోధతోనూ తిరిగొచ్చారు. కోటు మా ఎండలకు పనికిరాలేదు. బోధ మాత్రం బాగా పట్టింది. నిజమైన విశ్వాసికి జబ్బు చేయదట. చేసినట్టు కనిపించినా అది జబ్బు కాదట. ‘నాకు ఒంట్లో బాగాలేదు’ అని నోటితో ఒప్పుకున్నప్పుడే అది జబ్బవుతుందట. కాబట్టి ఒప్పుకోవడం మానేస్తే సరిపోతుంది.

మా కార్యదర్శి పరంజ్యోతి గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవారు. తీర్మానంలోకి ఎక్కనిదేదీ లోకంలో లేనట్టేనని ఆయన నమ్మకం. బోధ విన్న వారంలోనే కమిటీని పిలిచి, లేచి నిలబడి చదివారు:

“సంఘ సభ్యులెవ్వరికిని ఇందుమూలముగా ఎట్టి జబ్బును ఉండరాదు. ఈ తీర్మానము తక్షణమే అమలులోకి వచ్చును. ఇదివరకే జబ్బు కలిగియున్న సభ్యులు సదరు జబ్బును ఈ నెలాఖరులోగా విడిచిపెట్టవలెను. గడువు పొడిగింపబడదు.”

నేను పాటల బృందంలో తబలా వాయిస్తాను. కళాకారుల తరఫున ఒకరుండాలని నన్నూ కమిటీలో వేశారు కాబట్టి ఇదంతా నేను దగ్గరుండి చూసిందే. ఆ కమిటీలో డాక్టర్ కరుణాకర్ గారు కూడా ఉన్నారు. మా సంఘంలో డాక్టర్లు ఇద్దరు. కరుణాకర్ గారు చదువుకుని అయ్యారు. జయశీల్ గారికి బెంగుళూరులో శాలువాతో పాటు ఇచ్చారు. చదువుకున్న డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని, “షుగరు, బీపీ లాంటివి కూడానాండీ?” అని అడిగారు.

“‘ఎట్టి జబ్బును’ అన్నాం కదండీ. అందులో అన్నీ వస్తాయి,” అన్నారు పరంజ్యోతి గారు.

డాక్టరు గారు మెత్తని మనిషి. ఎవరైనా కలం చేతికిస్తే సంతకం పెట్టకుండా తిరిగివ్వడం ఆయనకు రాదు. పెట్టేశారు.

అమలులో కొన్ని చిక్కులు వచ్చాయి. మొదటిది దగ్గు. ఎంత విశ్వాసం ఉన్నా దగ్గు ఆగదు. అందుకని, దగ్గిన ప్రతి సభ్యుడూ ఆ వెంటనే ‘హల్లెలూయా’ అనవలెనని సవరణ తెచ్చారు. అప్పుడది దగ్గు కాదు, స్తోత్రానికి ముందు గొంతు సవరించుకోవడం. ఆ డిసెంబరులో మంచు బాగా పడింది. మందిరం ముందు నుంచి పోతున్న పక్క ఊరి పాస్టర్లు సైకిళ్ళాపి విని, లోపల గొప్ప ఉజ్జీవం రగులుకుందని ఊరూరా చెప్పుకున్నారు.

తర్వాత మాటలు మార్చారు. జ్వరం అనకూడదు, ‘వెచ్చదనం’ అనాలి. మోకాళ్ళ నొప్పులు ‘ప్రార్థనా ఫలం’. నీళ్ళ విరేచనాలు ‘విడుదల’.

“నిన్న ఆరాధనకు రాలేదేం బ్రదర్?”

“రాత్రంతా ఒకటే విడుదలండీ.”

“స్తోత్రం! మా ఇంటికోసం కూడా ప్రార్థన చెయ్యండి.”

సాయంత్రాలు మాత్రం కరుణాకర్ గారి క్లినిక్కులో బెంచీ ఖాళీ ఉండేది కాదు. కూర్చున్నవాళ్ళంతా మా సంఘస్తులే. ఒక్కరూ జబ్బుతో వచ్చినవాళ్ళు కారు. ఒకాయన డాక్టరు గారిని ఊరికే పలకరించిపోదామని వచ్చారు. ఒకావిడ గోడమీద క్యాలెండరు బాగుంటుందని చూడ్డానికి వచ్చింది. పరంజ్యోతి గారు తనిఖీకి వచ్చారు. నేను క్రిస్మసు పాటల గురించి మాట్లాడదామని వెళ్ళి, నడుముకు ఇంజెక్షను చేయించుకుని తిరిగొచ్చాను.

ఇక జీవరత్నం పాస్టరు గారి సంగతి చెప్పాలి. ఆయన జయశీల్ గారి కంటే పదేళ్ళు పెద్ద. మందిరానికి పెంకులున్న రోజుల్లో ఆయనే కాపరి. ఏసీ వచ్చాక సహాయ కాపరి అయ్యారు. అందుకని జయశీల్ గారు పెద్దయ్యగారు, ఈయన చిన్నయ్యగారు. చిన్నయ్యగారి ప్రసంగంలో గెంతులుండవు, కేకలుండవు. వాక్యం తీసి, అందులో ఉన్నది చెప్పి, లేనిది చెప్పకుండా కూర్చుంటారు. ఆదివారం జనానికి ఇది చాలదని కమిటీ భావించి, ఆయనకు బుధవారం మధ్యాహ్నం బైబిలు క్లాసు ఇచ్చింది. ఆ ఎండలో వచ్చేవాళ్ళు కొద్దిమందే. అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేది సువార్తమ్మ గారు.

సువార్తమ్మ గారు హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. మా సంఘంలో ప్రేమవిందు అంటే ఆవిడ సాంబారే. ఆవిడకు ఎప్పట్నుంచో షుగరు. నెలాఖరులోగా జబ్బును విడిచిపెట్టమన్నారు కదా అని, విధేయురాలు కాబట్టి, బిళ్ళలు విడిచిపెట్టేసింది. షుగరు మాత్రం ఆవిడను విడిచిపెట్టలేదు.

ఆ బుధవారం చిన్నయ్యగారు బైబిల్లో పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన ఆఖరి ఉత్తరం ముగిస్తున్నారు. మొదలుపెడితే చివరి మాట దాకా వరసగా చెప్పుకుంటూ పోవడం ఆయన అలవాటు. ఏదీ దాటెయ్యరు. ఆ ఉత్తరం చివర్లో పౌలు తనతో తిరిగినవాళ్ళ క్షేమసమాచారాలు రాస్తూ, త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతు అనే ఊళ్ళో వదిలి వచ్చానంటాడు.

సువార్తమ్మ గారు తలెత్తింది. “ఎవురికి జబ్బు చేసింది అయ్యగారూ?”

“త్రోఫిము అనే ఆయనకమ్మా. పౌలుగారితో కలిసి సేవ చేసినాయన.”

“పౌలుగారి పక్కన ఉండే మనిషికా! మరి పౌలుగారు ప్రార్థన చెయ్యలేదా?”

“చేసే ఉంటారు.”

“అయినా తగ్గలా?”

“అప్పటికి తగ్గలేదు. అందుకే అక్కడ దించి వచ్చారు.”

“ఆయనకు విశ్వాసం లేదని గానీ రాశారా?”

చిన్నయ్యగారు కళ్ళజోడు సర్దుకుని మరోసారి చూశారు. “లేదమ్మా. జబ్బు చేసిందని మాత్రమే ఉంది.”

 సువార్తమ్మ గారు చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి తీసి, ఎడమ పాదానికి చుట్టుకున్న పాత గుడ్డ విప్పింది. “అయితే ఇది చూడండయ్యా. ఎవురికీ చెప్పలా.”

వేళ్ళు రెండు నల్లబడిపోయి ఉన్నాయి. చిన్నయ్యగారు పుస్తకం మూశారు. అక్కడే చిన్న ప్రార్థన చేసి, ఆమెన్ అంటూనే ఆటో కోసం పరిగెత్తారు.

ఆటో తెనాలి ఆసుపత్రికి పట్టపగలు మెయిన్ బజారు మీదుగా వెళ్ళింది. అసలు గొడవ అదీ. సువార్తమ్మ గారు దారిలో కనిపించిన సంఘస్తులందరికీ చెయ్యి ఊపుతూ, “ఆసుపత్రికి పోతన్నానమ్మా! కాలు పుండయింది!” అని చెప్పుకుంటూ వెళ్ళింది. ఏడాదిగా దాచుకున్న మాట బయటపడినందుకు ఆవిడ మొహం వెలిగిపోయిందని చూసినవాళ్ళన్నారు. తెనాలిలో ఆ రెండు వేళ్ళూ తీసేశారు. ఇంకో వారం ఆగి ఉంటే కాలే తీసేవాళ్ళమని చెప్పారు.

చిన్నయ్యగారి మీద విచారణకు కమిటీ కూర్చుంది. మధ్య కుర్చీలో పెద్దయ్యగారు ఎడమ చెంప అరచేతిలో ఆనించుకుని కూర్చున్నారు. పరంజ్యోతి గారు లేచారు.

“ఆరోపణ ఒకటి. సదరు సహాయ కాపరి, త్రోఫిము అను వ్యక్తి యొక్క అనారోగ్యమును బహిరంగముగా వెల్లడించి, తద్వారా సభ్యులయందు జబ్బుపడు ధోరణిని ప్రోత్సహించియున్నారు. ఆరోపణ రెండు. సువార్తమ్మ అను సభ్యురాలిని, ఆమెకు లేని జబ్బు నిమిత్తము, తెనాలిలో ఉన్న ఆసుపత్రికి తరలించియున్నారు.”

“త్రోఫిము సంగతి నేను కల్పించింది కాదండీ. పౌలుగారు రాశారు,” అన్నారు చిన్నయ్యగారు.

కమిటీ పౌలుగారి మీదికి మళ్ళింది. మా కమిటీలో రైసుమిల్లు జకరయ్య గారు సూటి మనిషి. “ఆ త్రోఫిము మన సంఘ సభ్యుడా?” అని అడిగారు.

“కాదండీ.”

“మిలేతు మన మండలంలోకి వస్తదా?”

“రాదండీ.”

“అయితే మనకేం సంబంధం? కొట్టెయ్యండి.”

“అలా కుదరదు జకరయ్య గారూ,” అన్నారు పరంజ్యోతి గారు. “పౌలుగారు అంత బాధ్యతగల హోదాలో ఉండి, జబ్బు మనిషిని మార్గమధ్యంలో వదిలిపెట్టడమే కాక, ఆ విషయం లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. ఒప్పుకోకుండా ఉంటే త్రోఫిము గారు ఈపాటికి ఆరోగ్యవంతుడే కదా!”

కరుణాకర్ గారు చిన్నగా దగ్గి, హల్లెలూయా అని, “తిమోతికి కూడా కడుపులో బాగుండేది కాదండీ. మాటిమాటికీ సుస్తీ చేసేదని ఇంకో ఉత్తరంలో ఉంది,” అన్నారు.

“ఇంకా ఎవరైనా ఉన్నారా?”

“ఎపఫ్రొదితు అని ఒకాయన. చావు దాకా వెళ్ళొచ్చారు.”

పరంజ్యోతి గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. “అంటే మొత్తం సిబ్బంది పరిస్థితే ఇలా ఉందా?”

“పౌలుగారిది కూడా అంతేనండీ,” అన్నారు చిన్నయ్యగారు. “శరీరంలో ముల్లులాంటి బాధ ఏదో ఉండేది. తీసెయ్యమని మూడుసార్లు బతిమాలుకున్నారు. దేవుడు తియ్యలేదు. తన కృపే చాలన్నాడు.”

ముల్లు అన్న మాట దగ్గర పెద్దయ్యగారు చెంప గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. దీర్ఘధ్యానంలోకి వెళ్ళారని మేమంతా గౌరవంగా ఆగాము.

చివరికి తీర్పు చదివారు. పౌలుగారి సర్వీసును దృష్టిలో ఉంచుకొని ఆయనపై చర్య తీసుకోవడం లేదు, విచారం మాత్రం వ్యక్తం చేస్తున్నాం. ఇకమీదట ఉత్తరాల చివరి భాగాలు, అందులో వ్యక్తుల సొంత విషయాలు ఉన్న కారణంగా, సంఘంలో చదవరాదు. సహాయ కాపరి మూడు నెలలపాటు ప్రసంగ వేదిక ఎక్కరాదు.

“చిత్తం,” అన్నారు చిన్నయ్యగారు. “తెనాలి వెళ్ళొచ్చునాండీ? సువార్తమ్మకు క్యారియరు ఇవ్వాలి.”

పరంజ్యోతి గారు తీర్పు కాగితం మరోసారి చదువుకున్నారు. “లేని జబ్బు మనిషిని చూసిరావడం మీ వ్యక్తిగత విషయం,” అన్నారు.

అసలు విషయం ఏమిటంటే, పెద్దయ్యగారికి కింది దవడలో ఒక పన్ను కొన్ని నెలలుగా సలుపుతోంది. ఆయన తన బోధకు తాను కట్టుబడిన మనిషి. ఒప్పుకోలేదు. పన్ను కూడా ఎవరి ఒప్పుకోలు కోసమూ ఎదురుచూడకుండా పుచ్చిపోయింది. విచారణ తర్వాత వచ్చిన ఆదివారం ఆయన వేదిక ఎక్కేసరికి ఎడమ చెంప బత్తాయికాయంత ఉంది.

 పరంజ్యోతి గారు ముందుగా రాసుకున్న కాగితం లేకుండా మైకు దగ్గరికి వెళ్ళడం నేను చూడటం అదే మొదలు.

“ప్రియ సంఘమా! అయ్యగారి ఎడమ చెంపను గమనించవలసిందిగా మనవి. ఇది వాపు కాదు. గత కొంతకాలముగా పైనుండి కురియుచున్న అభిషేకము సదరు చెంపయందు నిలువ చేరియున్నది. ప్రస్తుతము పూర్తిస్థాయి మట్టమునకు చేరువలో ఉన్నది.”

జనం లేచి చప్పట్లు కొట్టారు. మా గాయకురాలు ఒకావిడ ఏడ్చేసింది.

మరుసటి ఆదివారం నేను తబలా సర్దుకుంటూ తలెత్తి చూద్దును కదా, సగం మందికి ఎడమ చెంప ఉబ్బి ఉంది. కొందరు వక్కలు పెట్టుకున్నారు, కొందరు దూది. చిన్నపిల్లలున్న తల్లులు బెల్లం ముక్కలు పెట్టించారు. బెల్లం పెట్టుకున్నవాళ్ళకు ప్రసంగం సగమయ్యేసరికి అభిషేకం కరిగిపోయేది. వక్క పెట్టుకున్నవాళ్ళది మధ్యాహ్నం భోజనాల దాకా నిలిచేది. దీన్నిబట్టి ఎవరి విశ్వాసం ఏపాటిదో తేలిపోయిందని పెద్దలన్నారు. మా బృందం నోళ్ళలో వక్కలతో పాడిన పాటలో ‘స్తుతి’ అన్నచోటల్లా ‘ఫుఫి’ అని వినిపించింది. పెద్దయ్యగారికి అప్పటికి నోరే తెరుచుకోవడం లేదు. ఆయన చేతులు మాత్రమే ఊపి కూర్చున్నారు. అంత లోతైన ప్రసంగం ఎన్నడూ వినలేదని అందరూ అన్నారు.

రైసుమిల్లు జకరయ్య గారు కుడి చెంప ఉబ్బుతో వచ్చారు. గుమ్మం దగ్గర కార్యకర్తలు ఆపేశారు. కుడి చెంప కొట్టించుకోవడానికనీ, ఎడమది అభిషేకానికనీ అప్పటికే తీర్మానం అయింది. “నాది నిజంగానే వాచిందిరా నాయనా!” అని ఆయన ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. నిజంగా వాచిన చెంప మీద మా సంఘంలో ఎవరికీ నమ్మకం లేదు.

ఆరాధన అయ్యాక కరుణాకర్ గారు పెద్దయ్యగారి గదిలోకి వెళ్ళారు. నేను మైకు అప్పజెప్పడానికి అక్కడే ఉన్నాను. పెద్దయ్యగారు మే నెలలో శాలువా కప్పుకుని వణుకుతున్నారు. డాక్టరు గారు మెడ కింద వేళ్ళు పెట్టి చూశారు.

“ఇది చీము అయ్యగారూ. మెడలోకి దిగుతోంది. గొంతుకు అడ్డం పడితే ఊపిరాడదు. ప్రాణానికే ముప్పు.”

“డాక్టరు గారూ! మీరు తీర్మానం మీద సంతకం చేసి ఉన్నారు,” అన్నారు పరంజ్యోతి గారు.

“చేశానండీ. చీముకు నా సంతకం అక్కర్లేదు,” అన్నారు కరుణాకర్ గారు. ఆయన గొంతు అంత పైకి లేస్తుందని నాకు తెలియదు. “ఇప్పుడు బయల్దేరకపోతే, మీరు రేపు సంతాప తీర్మానం రాసుకోవాలి.”

పెద్దయ్యగారు తల ఊపారు.

తర్వాతది కారు డ్రైవరు బర్నబా చెప్పగా విన్నది. సంఘం పరువు పోకూడదని పరంజ్యోతి గారు ఒక ఏర్పాటు చేశారు. పెద్దయ్యగారిని తెనాలి ఆసుపత్రిలో బర్నబా పేరుతో చేర్చారు. చీటీ చూసి నర్సు, “బర్నబా, ఇరవై ఆరేళ్ళు... ఈయనకు ఇరవై ఆరా?” అంది.

“చాలా కష్టపడ్డ మనిషండీ,” అన్నాడు బర్నబా.

పన్ను పీకి, మెడ దగ్గర కోసి చీము తీశారు. ఇక్కడ సంఘంలో మాత్రం అయ్యగారు ప్రార్థనకు కొండకు వెళ్ళారని ప్రకటించారు. తెలిసిన పెద్దలు కూడా చూడ్డానికి పోలేదు. పోతే జబ్బు ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదా. పక్క మంచం మీద ఒక రైతుకు హెర్నియా. ఆయన కోసం ఊరు ఊరంతా దిగింది, కమలాపళ్ళూ రొట్టెలూ పట్టుకుని. వేలమంది మధ్య తిరిగిన పెద్దయ్యగారు గుమ్మం వైపు చూస్తూ పడుకున్నారట. తలుపు తోసుకుని వచ్చిన ప్రతివాళ్ళూ హెర్నియా దగ్గరికే పోయారట.

ఒక మధ్యాహ్నం చిన్నయ్యగారు క్యారియరుతో ఆడవాళ్ళ వార్డుకు పోతుంటే నర్సు, “బర్నబా తాలూకు ఎవరండీ?” అని కేకేసింది. మన డ్రైవరు కుర్రాడికి ఏమైందోనని ఆయన లోపలికి వెళ్ళారు. బర్నబా స్టూలు మీద కూర్చుని శుభ్రంగా పెరుగన్నం తింటున్నాడు. మంచం మీద మనిషి దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

“వందనాలు అయ్యగారూ,” అన్నారు చిన్నయ్యగారు.

“నేను కాదు,” అంది దుప్పటి.

“కాదులెండి. జావ తాగుతారా? వేడిగా ఉంది.”

దుప్పటి కాసేపటికి కొంచెం కిందికి దిగింది. అంతలో విషయం తెలిసి సువార్తమ్మ గారు కూడా కర్ర పట్టుకుని, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. మంచం పక్కన నిలబడి తేరిపార చూసింది.

“నొప్పిగా ఉందా అయ్యా?”

పెద్దయ్యగారు ఆ మాట ఏడాదికి పైగా ఎవరి నోటా రానివ్వలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“చాలా నొప్పిగా ఉందమ్మా,” అన్నారు.

“ఉంటది మరి. కోసారు గదా. నాకు రెండు వేళ్ళు తీసేశారు.”

ఆయన ఆ కాలి వైపు చూశారు. “బిళ్ళలు మానేసింది నా మాట వినే కదూ?”

“అవునయ్యా. మీ మాట వినే,” అంది సువార్తమ్మ గారు. తిట్టలేదు, పరవాలేదని కూడా అనలేదు. పెద్దయ్యగారు పడుకునే రెండు చేతులూ జోడించారు. ఆవిడ ఆ చేతులు విడదీసి, జావ గ్లాసు పట్టించింది.

చిన్నయ్యగారు ప్రార్థన చేశారు. “ప్రభువా, జయశీల్ గారికి పన్ను తీశారు. మెడ దగ్గర కోశారు. నొప్పికి ఓర్చుకోలేకపోతున్నారు. ఈ రాత్రి నిద్రపట్టేట్టు చెయ్యి. సువార్తమ్మ కాలు మాననివ్వు. ఆమెన్.”

గంటసేపు ప్రార్థనలకు అలవాటుపడ్డ బర్నబా ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. “అంతేనాండీ?” అన్నాడు.

“అంతే బాబూ. ఏం జరిగిందో చెప్పాం, ఏం కావాలో అడిగాం.”

పెద్దయ్యగారు మెడకు కట్టుతో మందిరానికి వచ్చిన ఆదివారం హాలు కిక్కిరిసి ఉంది. ఎడమ చెంపలన్నీ నిండుగా ఉన్నాయి. అయ్యగారు కొండ దిగి వచ్చారని పరంజ్యోతి గారు ప్రకటించారు. పెద్దయ్యగారు మైకు తీసుకున్నారు. నోరు సగమే తెరుచుకుంటోంది.

“నేను కొండకు వెళ్ళలేదు. నాకు పన్ను పుచ్చింది. చీము పట్టింది. ఆసుపత్రిలో పడుకున్నాను. అక్కడ కూడా డ్రైవరు పేరుతో పడుకున్నాను. మీకు నేను చెప్పిన బోధ తప్పు. సువార్తమ్మ గారి కాలికి అలా కావడానికి నేనే కారణం. నన్ను క్షమించండి.”

 ఎక్కడో ఒక వక్క గచ్చు మీద పడి దొర్లింది. ఆ వెనక ఇంకోటి. కాసేపు హాలంతా వడగళ్ళు పడ్డట్టు చప్పుడైంది.

“చిన్నయ్యగారు వాక్యం చెబుతారు,” అన్నారు పెద్దయ్యగారు.

“అయ్యా, వారి మూడు నెలల గడువు ఇంకనూ...” అంటూ లేచారు పరంజ్యోతి గారు.

“కూర్చోండి పరంజ్యోతి గారూ.”

చిన్నయ్యగారు వేదిక ఎక్కి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడ్డారు.

“మనకు జబ్బు చేస్తుంది,” అన్నారు. “ప్రార్థన చేస్తాం. దేవుడు కొన్నిసార్లు నయం చేస్తాడు, కొన్నిసార్లు చెయ్యడు. చివరికి మనమందరం చచ్చిపోతాం.”

ముందు వరసలో ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఏసీ పెట్టాక ఆ హాలులో ఆ మాట ఎవరూ అనలేదు.

“యేసు కూడా చనిపోయాడు. తన తప్పులకు కాదు, మన తప్పులకు. మూడో రోజు లేచాడు. తనను నమ్మినవాళ్ళను కూడా లేపుతానన్నాడు. మనకున్న మంచి కబురు అదీ. అంత పెద్ద కబురు పక్కనపెట్టి, మనకు పంటినొప్పి రాదని చెప్పుకుంటే ఏమొస్తుందమ్మా? బిళ్ళలు వేసుకోండి. ఒకరికోసం ఒకరు ప్రార్థన చేసుకోండి. ఎవరైనా మంచాన పడితే వెళ్ళి చూడండి. ఉత్తచేతులతో పోకండి.”

అని కూర్చున్నారు. ఇంకా ఏదో ఉంటుందని మేము కాసేపు చూశాము. ఏమీ లేదు. అయినా చాలామంది కళ్ళు తుడుచుకుంటున్నారు.

అప్పుడు వెనక వరసలో ఒక పెద్దావిడ లేచి, “నాకు కీళ్ళవాతం అయ్యగారూ,” అంది. ఆ మాట అనేసి, పెద్ద బరువు దించుకున్నట్టు కూలబడింది. ఆ పక్కన ఒకాయన, “నాకు మూలశంక,” అన్నాడు. ఇక ఆగలేదు. గ్యాస్, ఆయాసం, థైరాయిడ్, తలతిరుగుడు. ఏడాదిగా లోపల కుక్కుకున్నవన్నీ బయటికొచ్చాయి. జకరయ్య గారు లేచి తన కుడి చెంప ముట్టుకుని చూడమని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళారు. మా ఊళ్ళో ఒంట్లో బాగాలేదన్న మాట చెప్పుకోవడంలో ఎంత సుఖముందో ఆ రోజే తెలిసింది.

కరుణాకర్ గారు వరండాలో బల్ల వేయించి కూర్చున్నారు. వరస గేటు దాకా పోయింది. వరసలో నిలబడ్డవాళ్ళు ఊరికే నిలబడలేదు. మూడు బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఒక బిళ్ళవాళ్ళను కొంచెం చిన్నచూపు చూడటం మొదలుపెట్టారు. ఆపరేషను అయినవాళ్ళకు కుర్చీలు వేశారు. బీపీలో జకరయ్య గారిది నూట డెబ్భై. అందరికంటే ఎక్కువ. ఆయన ఆ అంకె చెప్పుకుంటూ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు.

అందరూ అయ్యాక పరంజ్యోతి గారు వచ్చారు.

“తనిఖీకాండీ?” అన్నారు డాక్టరు గారు.

“కాదండీ,” అని ఆయన అటూ ఇటూ చూసి, చొక్కా చెయ్యి మడిచారు.

డాక్టరు గారు పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె వైపు చూసి ఉలిక్కిపడ్డారు. “నూట తొంభై నాలుగు!” అన్నారు పైకే.

వరండా అంతా ‘అబ్బో’ అంది. జకరయ్య గారు లేచి తన కుర్చీ ఇచ్చారు. పరంజ్యోతి గారు ఆ కుర్చీలో నిటారుగా కూర్చుని, చుట్టూ చేరినవాళ్ళను ఒకసారి కలయజూసి, గొంతు సవరించుకున్నారు.

“డాక్టరు గారూ, కింది అంకె కూడా చదవండి.”